రణపాల యాకు: దానమా, దొంగతనమా?

లోకములోని వస్తువులు ఇచ్చుటను బట్టి రెండు తెగలుగా నున్నవి. కొన్ని యిచ్చిన కొలది తగ్గును. కుంచెడు బియ్యము పొరుగింటి కిచ్చినచో మన గాదెలో కుంచెడు తగ్గును. కొన్ని యిచ్చినను తగ్గవు. మన దీపముతో పొరుగువారు తమ దీపమును వెలిగించుకొనిన మన యింటి వెలుగునకు లోటు రాదు. మొదటి తెగ వస్తువులను గూర్చి మన పెద్దలు ధర్మాధర్మములను విస్తారముగా విచారించిరి. రెండవ తెగ వస్తువులను గూర్చిన విచారము మాత్రము మన యిండ్లలో అంతగా జరిగినట్లు తోపదు. ఇచ్చినను తగ్గని దానిని ఇయ్యకుండుట ఎట్టి దోషము? దానిని అడుగక తీసికొనుట దొంగతనమగునా? ఇవి పండితులు సభలలో తేల్చుకొనవలసిన ప్రశ్నలని చదువరులు తలంపవచ్చును. నాకు మాత్రము ఈ ప్రశ్నలు పెరటిలోని ఒక రణపాల మొక్కయొద్ద పుట్టినవి.

రణపాలను ఎఱుగని తెలుగు ఇల్లాలు అరుదు. దాని యాకులు దళసరిగా, నీరు నిండి యుండును. ఆకుల యంచులందు చిన్న చిన్న నొక్కు లుండును. పూలు గంటలవలె తలక్రిందుగా వ్రేలాడును. ఆకును వెచ్చచేసి రణములపై, అనగా పుండ్లపై, కట్టు అలవాటు మన పల్లెలలో తరతరములనుండి కలదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీన వేఱువేఱు జిల్లాలైనవి. అంతకు పూర్వము ఇవి ముఖ్యముగా వరంగల్లు జిల్లాలోనివి. ఈ ప్రాంతపు ఇండ్లలో నీరు తక్కువైనను బ్రతుకు మొక్కలపై మక్కువ యెక్కువ. గుమ్మమునకు దిష్టికై కట్టిన కలబంద, కంచెపై ప్రాకిన నల్లేరు, చేనిగట్టున నాగజెముడు, పెరటి కుండీలో రణపాల, ఇవి అందఱు నెఱిగినవే. వీనిని ఎవరును అంగడిలో కొనరు. ఒక యింటినుండి మఱియొక యింటికి చేతులు మారుచు వచ్చును.

మా యిల్లు జనగామలో నుండెను. నేనప్పుడు ఏడెనిమిదేండ్ల బాలుడను. పెరటిగోడ ప్రక్కన, పగిలిన కాగు అడుగుభాగములో, మా నాయనమ్మ పెంచిన రణపాల యుండెను. అది తన అత్తగారి నాటి మొక్క యని ఆమెకు గర్వము. బంధువులు వచ్చినప్పుడు ఒక్కొక్క యాకు తుంచి గుడ్డలో చుట్టి యిచ్చెడిది. మా మేనత్త పెండ్లియై మహబూబాబాదునకు పోవునప్పుడు ఒడిబియ్యముతో పాటు రెండు రణపాల యాకులు కూడ రైలెక్కెను. ఆ యూరిని మా యింట నేటికిని మానుకోట యనియే యందురు.

మా వాకిలి యూడ్చి, పెరటిలో వేసిన అంట్లు తోము ఆమె యొకతె యుండెను. ఆమె పెరటి ద్వారముననే రావలెను, ఆ ద్వారముననే పోవలెను. వంటయింటి గడప దాటరాదు. పూజ జరుగువేళ కేక వేయరాదు. ఇవి మా యింటి నియమములు. వీనిని ఎవరు విధించిరో తెలియదు, అందఱము పాటించితిమి. ఒక శ్రావణమాసపు ఉదయమున ఆమె రణపాల యాకు నొకదానిని తుంచి కొంగున ముడుచుకొనుచుండగా నాయనమ్మ చూచెను.

“అడుగకుంట ఎట్ల తెంపినవే? దొంగబుద్ధి గాకపోతె!”

“ఒక్క ఆకే తెంపిన అమ్మా. పిలగానికి కాలు మీద పుండయింది. అడుగుదామనే నిలబడ్డ. మీరు పూజల ఉంటిరి. పూజల ఉంటె పిలువద్దంటిరి గద!”

ఆ మాటకు నాయనమ్మ బదులు చెప్పలేదు. ఆకును గోడమీద పెట్టించి లోనికి పోయెను. ఆమె అంట్లు తోమి వెళ్ళిపోయెను. ఆకు గోడమీదనే యుండెను. అది వానకాలము, పది పదునైదు దినములకు దాని యంచులందు మొలకలు కనబడెను. మఱికొన్ని దినములకు ఆకు అచ్చట లేదు. ఎవరు తీసిరో ఎవరును అడుగలేదు.

ఆ నాయనమ్మయే మఱుసటి సంవత్సరము పొరుగింటి వరండానుండి ఒక మనీప్లాంటు తీగను ఎవరును చూడకుండ తుంచి తెచ్చి, సీసాలో పెట్టి, దొంగిలించి తెచ్చిన మొక్కయే బాగుగా బ్రతుకునని నవ్వుచు అందఱతో చెప్పెను. పొరుగింటివారును విని నవ్విరి. ఒకే పనిని ఇద్దఱు చేసిరి. ఒకరి విషయమున అది దొంగబుద్ధి. మఱియొకరి విషయమున అది ముచ్చట. అప్పుడు నాకు ఈ తేడా కనబడలేదు. ఇంటిలోని వారి కెవరికిని కనబడలేదు.

తరువాతి వానకాలములో మా రణపాల చచ్చిపోయెను. ముసురు పట్టియున్నను నాయనమ్మ దినదినము చెంబుతో నీరు పోయుట మానలేదు. ఇట్టి మొక్కలు ఎండకంటె నీటివలననే త్వరగా చచ్చును. కాడ మెత్తబడి, నల్లబడి, వేళ్ళు కుళ్ళి ఒకనాడు ప్రక్కకు ఒరిగెను. అత్తగారి నాటి మొక్క పోయినదని ఆమె రెండు దినములు సరిగా భుజింపలేదు. మూడవనాటి సాయంకాలము నన్ను ప్రక్కకు పిలిచి, పనిచేయు ఆమె యింటి ముందర రణపాల యున్నదట, చీకటి పడగానే పోయి ఒక్క యాకు తెమ్మనెను. “ఎవ్వల కండ్ల పడకు. దొంగమొక్క మంచిగ బతుకుతది” అని నేర్పి పంపెను. అడిగి తీసికొనుమని మాత్రము చెప్పలేదు. అడుగుట ఆమెకు సాధ్యము కాదు.

నేను పోయితిని. నా చేయి కుండీలో నుండగనే ఆమె లోపలినుండి వచ్చెను. నేను బిగుసుకొని నిలుచుండిపోతిని. ఆమె కోపపడలేదు. “అడిగితే ఇయ్యనా బిడ్డా?” అని మాత్రమనెను. పిమ్మట ఒక కొబ్బరిచిప్పలో మన్ను నింపి, వేళ్ళతో కూడ ఒక పిల్లమొక్కను పెట్టి నా చేతికిచ్చెను. నేను ఇంటికి వచ్చి, ఎవరును చూడలేదని నాయనమ్మతో చెప్పితిని. మొక్క బ్రతికెను. దొంగమొక్క గనుకనే బ్రతికెనని ఆమె కడవఱకు నమ్మెను.

ఈ కథలో దొంగ యెవరు? దీనికి బదులు చెప్పుటకు ముందు, రణపాల యాకును తుంచినప్పుడు నిజముగా ఏమి జరుగునో తెలిసికొనవలెను. ఆకు నొక్కులలో ఒక్కొక్కదానియందు ఒక్కొక్క మొగ్గ నిద్రించుచుండును. ఆకు చెట్టున నున్నంతకాలము ఆ మొగ్గ సాధారణముగా లేవదు. ఆకు విడివడినంతనే మొగ్గ మేల్కొని, వేళ్ళను, పిదప చిన్న యాకులను వేయును. జాక్ లోబ్ అను శాస్త్రజ్ఞుడు అమెరికాలో ఈ మొక్కపై అనేక సంవత్సరములు పరీక్షలు చేసి 1924లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆకులోని పదార్థమెంతయో దానికి తగినంతయే పిల్లమొక్కల బరువుండునని ఆయన తూచి చూపెను. అనగా తల్లియాకు తనలోని సారమును పిల్లలకిచ్చి తాను ఎండిపోవును. కనుక ఇచ్చుటలో ఏమియు పోదనుట పూర్తిగా నిజము కాదు. చెట్టునకు ఒక యాకు పోవును. ఆకునకు తన ప్రాణమే పోవును. అయినను చెట్టునకు మఱి పది యాకులు వచ్చును. ఇచ్చువానికి పోవునది స్వల్పము, పుచ్చుకొనువానికి దొరకునది ఒక పూర్తి మొక్క. ఇది ఈ దానమునందలి విశేషము.

ఈ మొక్కను గూర్చిన మఱియొక సంగతి మన తెలుగుదేశముతో సంబంధము గలది. బెంజమిన్ హెయిన్ అను జర్మను వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, 18వ శతాబ్ది చివర తూర్పు ఇండియా కంపెనీవారి కొలువున సామర్లకోట తోటలో కొన్నియేండ్లు పనిచేసెను. రణపాల యాకు ఉదయమున పుల్లగాను, మధ్యాహ్నమున రుచిలేకయు, సాయంకాలమున కొంచెము చేదుగాను ఉండునని ఆయన నాలుకతోనే కనిపెట్టి వ్రాసెను. ఆ లేఖ 1815లో లండనులోని లిన్నియన్ సొసైటీవారి సంపుటములో అచ్చయ్యెను. దాని కారణము తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. ఇట్టి మొక్కలు పగటియెండలో నీరు పోకుండుటకై ఆకురంధ్రములను మూసికొని, రాత్రివేళ తెఱచి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని ఆమ్లరూపమున దాచుకొనును. పగలు ఆ ఆమ్లమును సూర్యరశ్మి సాయముతో ఆహారముగా మార్చుకొనును. నీరు కఱవైన నేలలో బ్రతుకుటకు ప్రకృతి కనిపెట్టిన పొదుపిది. ఈ రణపాల మడగాస్కరు ద్వీపమునుండి లోకమంతట వ్యాపించినదని వృక్షశాస్త్రజ్ఞు లందురు. మన నాయనమ్మలు అత్తగారి నాటి దనుకొను మొక్క సముద్రములు దాటి, ఎన్నియో చేతులు మారి వచ్చినది. ఆ చేతులలో ఏ యొక్కటి ముడుచుకొని యున్నను మన పెరటికి అది చేరియుండెడిది కాదు.

విత్తనమువలన పుట్టిన మొక్క తల్లిదండ్రుల గుణములు కలిసిన క్రొత్త మొక్క. ఆకువలన పుట్టిన మొక్క అట్లు కాదు. అది తల్లిమొక్కయే మఱియొకచోట నిలుచుట. కనుక మా మొక్క యనియు, ఆమె మొక్క యనియు, మానుకోటలోని మొక్క యనియు చెప్పునప్పుడు మనము కుండీలను లెక్కించుచున్నామే కాని మొక్కలను కాదు. మా మేనత్త నేటికిని, అసలు మొక్క తనయొద్ద నున్నదే యని, జనగామలోనిది నడుమ ఒకసారి చచ్చి మరల తెచ్చినదని అనును. మా వంశపు మొక్క యని మేము గర్వించిన దాని వంశము మా గడప దాటనీయని ఆమె వాకిట నిలిచి, అచ్చటినుండి మాకు తిరిగి వచ్చినది. ఆ వాకిట అది నిలువకున్నచో జనగామలోని మా పెరటికి ఆ వంశమే లేదు.

ఇక ధర్మవిచారము. నష్టము లేనిచోట దొంగతనము లేదని కొంద ఱందురు. యజమానికి ఏమియు తగ్గనప్పుడు అడుగవలసిన పనియేమి? ఈ వాదము విన సొంపుగా నున్నది గాని నిలువదు. అడుగక తీసికొనువాడు ఆకును మాత్రమే తీసికొనుట లేదు. ఇచ్చువాని చేతినుండి ఇచ్చుటను కూడ తీసికొనుచున్నాడు. ఆ రాత్రి నేను ఆకు తుంచుకొని పాఱిపోయియున్నచో ఆమెకు ఒక యాకు మాత్రము పోయియుండెడిది. దానితో పాటు, తనను దొంగ యనిన యింటి బాలునకు తన చేతితో మొక్క నిచ్చు అవకాశము కూడ పోయియుండెడిది. ఆకు మరల మొలచును. ఆ అవకాశము మొలవదు. కావున అడుగుట యజమాని యాస్తికి కాపలా కాదు. ఎదుటివాడు ఇయ్యగల మనుష్యుడని ఒప్పుకొనుట.

అయినచో అడుగక తీసికొనిన ఆమెయు దోషియే కదా యని చదువరులు అడుగవచ్చును. ఇచ్చటనే మన విచారము ఇంకొక మెట్టు దిగవలెను. అడుగుట ధర్మమైనచో, అడుగుటకు దారి యుంచుట అంతకు ముందరి ధర్మము. పూజవేళ పిలువరాదని, గడప దాటరాదని నియమించినవారము మేము. పుండుతో నున్న బిడ్డకొఱకు ఆమె నిలుచున్నది, దారి కనబడలేదు. తలుపు మూసి, తలుపు తట్టలేదని నేరము మోపుట న్యాయము కాదు. అడుగు దారిని మూసిన యింటిలో దొంగతనమను మాటకు అర్థము చెడును. అంతియే కాదు. అడుగు దారి మూసిన వారికి ఆ దారి తమవైపునను మూతపడును. నాయనమ్మకు మొక్క కావలసినప్పుడు ఆమెకును అడుగు దారి లేకపోయెను. గడప రెండువైపుల నుండియు గడపయే. అందుచేత గౌరవము గల ముసలామె, చీకటిలో ఒక బాలుని దొంగతనమునకు పంపవలసి వచ్చెను. ఆ బాలుడు అబద్ధమును కూడ నేర్చెను. అంటు, మైల యను పేరులతో మనము పెట్టుకొనిన గోడలు ఎదుటివారిని ఎంత క్రుంగదీసినవో సంస్కర్తలు చెప్పియే యున్నారు. గోడ లోపలనున్న వారిని అవి యెట్లు దిగజార్చునో మా రణపాల నాకు చెప్పినది.

దీనికి బలమైన ఆక్షేపణ యొకటి కలదు, దానిని దాటవేయరాదు. కొన్ని మొక్కలు పెరటిలో ఊరక దొరకినవి కావు. ఎవరో ఏండ్ల తరబడి శ్రమించి సాధించినవి. వానినికూడ తుంచి పంచవచ్చునా? అమెరికాలో లూథర్ బర్బాంకు అను వృక్షసృష్టికర్త పశువుల మేతకై ముండ్లులేని నాగజెముడును సాధించి 20వ శతాబ్ది తొలి దశాబ్దమున లోకమునకు చూపెను. దాని పట్టలను జనులు ఎక్కువ ధరలకు కొనిరి. కాని ఒక్క పట్టను కొనినవాడు దానిని నాటి నూఱు పట్టలు చేసికొనగలడు. సృష్టించినవానికి మొదటి యమ్మకముతోనే ఫలము తీరిపోవుచుండెను. బర్బాంకు 1926లో చనిపోయెను. కొమ్మలచేతను అంట్లచేతను పెంచు క్రొత్త మొక్కలకు పేటెంటు ఇచ్చు చట్టము అమెరికాలో 1930లో వచ్చినది. 1931లో మొదటి పేటెంటు ఒక ప్రాకుడు గులాబీకి లభించెను. ఆ చట్టము ననుసరించి పేటెంటు గల మొక్కను, సొంతదారు అనుమతి లేక, సొంత పెరటిలోనైనను కొమ్మనాటి పెంచరాదు.

మన దేశము వేఱు త్రోవ నెంచుకొన్నది. మన పేటెంటు చట్టము మొక్కలకు పేటెంటు నియ్యదు. 2001లో చేసిన మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము క్రొత్త రకమును సాధించినవానికి హక్కు నిచ్చుచునే, రైతు తన పంటను, విత్తనమును దాచుకొనుటకు, మరల విత్తుటకు, ఇచ్చి పుచ్చుకొనుటకు, పంచుకొనుటకు, అమ్ముటకు గల హక్కును నిలిపినది. రక్షణ పొందిన రకపు విత్తనమును బ్రాండు పేరుతో మాత్రము అతడు అమ్మరాదు. నాకు ఈ నడిమి త్రోవ ధర్మమునకు దగ్గఱగా తోచుచున్నది. శ్రమించినవానికి కూలి ముట్టవలెను. కాని ఆ కూలి పేరిట ఒక యిల్లాలు పొరుగింటి యిల్లాలికి ఆకు ఇచ్చుట నేరము కారాదు. రణపాలకు, కలబందకు, నల్లేరునకు సృష్టికర్తయని చెప్పుకొనదగిన మనుష్యుడు లేడు. వానిని మనము దాచుకొనుటకు శ్రమ యను సాకు కూడ లేదు.

ఇచ్చుట యెల్లప్పుడును మేలేనా యను రెండవ ఆక్షేపణకు నాగజెముడే సాక్ష్యము. ఇది అమెరికా ఖండముల మొక్క. ఎఱ్ఱరంగు నిచ్చు పురుగును పెంచుటకును, కంచెలకును దీనిని దేశదేశములకు కొనిపోయిరి. ఆస్ట్రేలియాలో పట్ట యొకటి నేలపై పడిన మొక్క యొకటి లేచుచు, 1925 నాటికి ఆఱు కోట్ల యెకరములను ఆక్రమించినది. ఊళ్ళు విడిచి రైతులు పోయిరి. కడపట అర్జెంటీనానుండి తెచ్చిన ఒక చిమ్మట పురుగు దానిని తినివేయగా నేల మరల రైతులకు దక్కెను. మన దేశముననుం గూడ ఇట్టి కథ జరిగినది. 1795లో రంగు పరిశ్రమ కొఱకు బ్రెజిలునుండి కలకత్తాకు తెచ్చిన పురుగు మంచి రంగు నియ్యలేదు గాని ఒక జాతి నాగజెముడును నాశము చేసినది. ఆ గుణమును చూచి 1836-38 ప్రాంతమున దక్షిణదేశమున దానిని బుద్ధిపూర్వకముగా వదలిరి. మఱియొక జాతి జెముడు చేలను క్రమ్మివేయగా 1926లో సింహళమునుండి వేఱొక పురుగును తెప్పించి దానిని అణచిరి. సులభముగా పెరుగు దానిని సులభముగా పంచునప్పుడు, అది యెచ్చట ఆగునో కూడ ఆలోచింపవలెనని దీనివలన తెలియుచున్నది. కుండీలో నున్న రణపాల మేలు. వాగుగట్టున, అడవి యంచున పాఱవేసిన రణపాల మేలు కాకపోవచ్చును. పశువులు దానిని మేసినచో విషమగును. పుండుపై కట్టుటకును కడుపులోనికి తీసికొనుటకును చాల భేదము కలదు గనుక వైద్యుని అడుగక ఆకు తినరాదని కూడ ఇచ్చునప్పుడే చెప్పవలెను. తెలివి లేని దానము సగము దానము. ఆకుతో పాటు విధానమును కూడ ఇయ్యవలెను.

ఆ విధానము పెద్దది కాదు. రణపాలకు ముదురాకు నొకదానిని తుంచి, చెల్కమన్ను ఒకపాలు, ఇసుక ఒకపాలు కలిపిన దానిపై పఱచి, నీడపట్టున నుంచి, మన్ను ఆఱినప్పుడు మాత్రము తడిపినచో రెండు మూడు వారములలో అంచులందు పిల్లలు లేచును. రెండు మూడు జతల యాకులు వచ్చిన పిమ్మట వేఱుచేసి నాటవచ్చును. కలబంద యాకును నాటి అది బ్రతుకలేదని చింతించువారు కలరు; కలబంద ఆకుతో రాదు, మొదట లేచు పిలకను వేళ్ళతో తీసి నాటవలెను. నల్లేరునకు రెండు మూడు కణుపులు గల తునక చాలును. జెముడు జాతులకు కోసిన గాటు వారము పది దినములు నీడలో ఆఱి, పొర కట్టిన తరువాతనే మన్ను చూపవలెను; పచ్చిగాటుతో నాటిన కుళ్ళును. అన్నిటికిని కుండీ యడుగున రంధ్ర ముండవలెను. నీరు తక్కువైన తప్పు దిద్దుకొనవచ్చును. ఎక్కువైన తప్పు దిద్దుకొనరాదు. ఈ నాలుగు మాటలు తెలిసియున్నచో మా నాయనమ్మ మొక్క చచ్చెడిది కాదు. పనిచేయు ఆమెకు ఈ మాటలు తెలియును. ఆమెను అడుగవలెనని మా కెవరికిని తోచలేదు.

విద్యయు ఈ రెండవ తెగ వస్తువే. ఇచ్చిన కొలది తగ్గదని అందఱు చెప్పుదురు. చెప్పినవారే దానిని ఎన్నియో శతాబ్దములు కొన్ని యిండ్లలో బంధించి యుంచిరి. మన తెలంగాణమున తెలుగు పుస్తకము దొరకుటయే దుర్లభమైన కాలమున, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయమును వెలసినవి. ఆ గ్రంథాలయములు స్థాపించినవారు చేసినది ఆకు పంచు పనియే. ఒక పుస్తకము పదిమంది చేతులు మారినను దానిలోని మాట తగ్గలేదు. కాని అచ్చటను ఇదే ప్రశ్న. తలుపు తెఱచియుండుట వేఱు. లోనికి వచ్చి అడుగవచ్చునని అందఱకును తోచుట వేఱు. మొదటి దానితో తృప్తిపడు సంస్కరణము సగములోనే ఆగును.

నేడు నేను భూపాలపల్లిలో నున్నాను. ఇది బొగ్గుగనుల యూరు. వేసవిలో ఆకులపై ధూళి పేరుకొనును. ఆ కొబ్బరిచిప్ప మొక్క సంతతి మా వరండాలో నున్నది. నాయనమ్మ లేదు. ఎవరును చూడలేదని నేను చెప్పిన అబద్ధమును దిద్దుకొనక మునుపే ఆమె పోయినది. ఆ మొక్క నిచ్చిన ఆమె పేరు నేను ఎఱుగను. పదేండ్లు మా యింట పనిచేసిన ఆమెను మేము పనిమనిషి యనియే పిలిచితిమి. మానుకోటకు పోయినప్పుడు మేనత్తను అడిగితిని. ఆమెకును తెలియదు.

ఈ సంగతులు తలంచుకొని, మా యింట ఇప్పుడు పనిచేయు ఆమెను కొన్ని దినముల క్రిందట నేనే ముందుగా అడిగితిని: “అక్కా, ఈ మొక్కలలో నీకేది కావాలె?” రణపాల యడుగునని నేను అనుకొంటిని, ఆకు తుంచి ఇచ్చుటకు సిద్ధముగా నుంటిని. ఆమె కొంతసేపు చూచి, “గది” యని ఎడారి గులాబీని చూపెను. అది ఆకుతో రాదు. దాని మంచి కొమ్మ నొకదానిని కోయవలెను. కోసినచో నాలుగేండ్లుగా నేను తీర్చిన రూపు చెడును. ఒక క్షణము నా నోట మాట రాలేదు. తగ్గని దానిని ఇచ్చుటను గూర్చి ఇంత విచారించిన నేను, తగ్గు దానియొద్ద తడబడితిని. అప్పుడు నాకు తెలిసినది, రణపాల నేర్పినది తొలిపాఠము మాత్రమేనని. అడుగు దారి తెఱచిన పిమ్మట ఎదుటివారు ఏమి అడుగుదురో నిర్ణయించుట మన చేతిలో లేదు.

కొమ్మను కోసితిమి. దాని పాలు విషము గనుక ఇద్దఱమును చేతులు కడుగుకొంటిమి. గాటు ఆఱుటకై కొమ్మ నేడు వరండా నీడలో నున్నది. ఈ ఆదివారము ఆమె దానిని తన యింటికి కొనిపోవును.